నరసింహుడి గోళ్లు, కాగితం మీది గురి

ధర్మపురిలో గోదావరి దక్షిణానికి పారుతుంది. మునిగి గట్టెక్కిన భక్తుడికి ఒక్క చోటే యోగ నరసింహుడు, ఉగ్ర నరసింహుడు ఇద్దరి దర్శనమూ దొరుకుతుంది. యమధర్మరాజుకూ అక్కడే గుడి. శేషప్ప కవి నరసింహ శతకం చెప్పుకున్నది ఈ స్వామికే.

హిరణ్యకశిపుడి వరం సంగతి అందరికీ తెలిసిందే. అస్త్రంతో గానీ, శస్త్రంతో గానీ చావు రాకూడదన్నాడు. అందుకే స్వామి గోళ్లతో చీల్చాడు. సంహారానికి ఆయుధమే అక్కర్లేదన్నమాట. మరి సంహారమే లేని ఆయుధం సంగతేమిటి? నాలుగు గోడల మధ్య కాగితాన్ని మాత్రమే కొట్టే రివాల్వర్ హింస కిందికి వస్తుందా?

ఆ రివాల్వర్‌లో వేసే తూటాను వాడ్‌కట్టర్ అంటారు. ముందు భాగం మొండిగా, చదునుగా ఉంటుంది. కాగితాన్ని చింపకుండా గుండ్రంగా కోస్తుంది కాబట్టి పాయింట్లు లెక్కపెట్టడం తేలిక. అమెరికా వంటి చోట్ల కాల్చేసిన ఇత్తడి గొట్టాలనే మళ్లీ నింపుకునేవాళ్లున్నారు. తుపాకి మందును గ్రెయిన్లలో, బంగారం తూచినట్టు తూస్తారు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. మందు తగ్గితే వెనక్కి తన్నడమూ తగ్గుతుంది, చెయ్యి నిలుస్తుంది. అలాగని మరీ తగ్గించారో, సీసపు గుండు తుపాకీ గొట్టంలోనే ఇరుక్కుపోతుంది. అది చూసుకోకుండా రెండోసారి పేలిస్తే గొట్టమే పగలవచ్చు. పొరపాటున రెండుసార్లు మందు పడితే ఆ ప్రమాదం వేరు. (మన దగ్గర ఈ సరదా కుదరదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం.)

బలాన్ని ఇలా అవసరం మేరకు కుదించుకోవడం ఒక రకంగా సంయమనమే. కానీ అంతటితో అహింస అయిపోదు. వ్యాసభారతంలో శిష్యుల గురి పరీక్షకు ద్రోణుడు చెట్టుమీద పెట్టించింది శిల్పులు చేసిన బొమ్మ పక్షిని. ఆ రోజు ఏ ప్రాణమూ పోలేదు. ఆ గురే తర్వాత కురుక్షేత్రానికి వెళ్లింది. మందు తగ్గించిన తూటాకు కూడా కాగితానికీ మనిషికీ తేడా తెలియదు.

ధర్మపురి ఉన్న ఈ జగిత్యాల ప్రాంతంలో తుపాకీని ఆటవస్తువుగా చెప్పబోతే పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. 1978లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ వెంటనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత చాలా ఏళ్లు తుపాకీ అంటే నక్సలైట్ల దళమో, పోలీసో. అదే తెలంగాణ నుంచి వెళ్లిన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పిస్టల్‌తోనే ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. రెండూ నిజాలే. ఒకటి చెప్పి రెండోది దాచడం సరికాదు.

కాగితమే కదా అనుకునేవాళ్లు గాలి సంగతి మరుస్తారు. మూసిన గదిలో సీసం పొగ కాల్చేవాళ్ల ఒంట్లోకే పోతుంది. గాలి బయటికి లాగే ఏర్పాటు లేని చోట గురి నేర్పడం తమ ఒంటికి తాము చేసుకునే హింసే.

కనుక దోషమంతా ఇనుములోనే లేదు, అలాగని అది నిర్దోషి అనీ కాదు. పట్టుకున్నవాడి ఉద్దేశంతో పాటు జాగ్రత్తనూ లెక్కలోకి తీసుకోవాలి. దసరాకు ఆయుధపూజలో తుపాకీ పెట్టేవాళ్లు పసుపు కుంకుమలకు ముందే తూటా గదులు తెరిచి, ఖాళీగా ఉన్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి.