ఉపాధులు తొలగిన పటం

రోమ్‌లోని బోర్గేసే చిత్రశాలలో, రఫాయెల్ సుమారు 1505-06లో చిత్రించిన ఒక యువతి పటం ఉంది. ఆమె ఎవరో నేటికీ తేలలేదు. రెండు స్తంభాల నడుమ కూర్చుని, మెడలో ముత్యం వేలాడే పతకంతో మనవైపే చూస్తుంటుంది. ఒడిలో చిన్న ఒంటికొమ్ము గుర్రప్పిల్ల.

చాలాకాలం పాటు ఈ పటంలో జనం చూసింది అలెగ్జాండ్రియాకు చెందిన సెయింట్ కేథరిన్‌ని. ఎందుకంటే తర్వాతి కాలంలో ఎవరో ఈ యువతి భుజాల మీద పైవస్త్రం వేసి, ఆ సాధ్విని హింసించడానికి తెచ్చిన చక్రాన్ని చేర్చారు. 1934-36 మధ్య నిపుణులు ఆ పైరంగును తొలగిస్తే గుర్రప్పిల్ల బయటపడింది. ఆ తర్వాత ఎక్స్-రే తీసి చూస్తే దాని కింద ఒక కుక్కపిల్ల ఆకారం ఉంది! ఆనాటి సంకేతభాషలో ఒంటికొమ్ము గుర్రం కన్యాత్వానికి, కుక్క విశ్వాసానికి గుర్తులు.

వేదాంతులు అధ్యారోపం, అపవాదం అనే మాటలతో బోధించే పద్ధతి ఇక్కడ కళ్లకు కడుతుంది. లేనిదాన్ని మీద వేయడం మొదటిది, వేసినదాన్ని తీసివేయడం రెండోది. సాధ్వి వేషం పవిత్రమైనదే. అయినా కప్పింది కప్పిందే. నేను భక్తుణ్ని, నేను జ్ఞానిని అనే తలపులూ అలాంటివే. ఇలా మన మీద వేసుకున్న గుర్తింపునే వేదాంతం ఉపాధి అంటుంది. సాత్వికమైన ఉపాధిని విడవడమే మనకు మరీ కష్టం.

అయితే పొరలన్నీ తీస్తే అట్టడుగున ఆత్మ దొరుకుతుందని కొందరు చెబుతుంటారు. నేను ఒప్పుకోను. అడుగున దొరికిన కుక్కపిల్ల కూడా ఒక గుర్తే కదా! తైత్తిరీయ ఉపనిషత్తులో భృగువు అన్నం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే దాటుతూ, మళ్లీ మళ్లీ తండ్రి వరుణుడి దగ్గరకు వెళ్లి బ్రహ్మం గురించి అడుగుతాడు. శంకరులైతే అన్నిటికన్నా లోపలి పొర అయిన ఆనందమయాన్ని కూడా ఆత్మను కప్పే కోశాల్లోనే లెక్కించారు. ఎక్స్-రే ఎంత లోతుకు పోయినా మరో దృశ్యాన్నే చూపుతుంది. సాధ్విని, గుర్రాన్ని, కుక్కను వరసగా ఎరిగిన ఎరుక ఆ పటంలో ఏ పొరలోనూ ఉండదు. అది చూసేవారిదే. చూసేవారిలో అది ఎక్కడుందని వెదకబోతే, వెదికేదీ ఆ ఎరుకే.

పటంలోని యువతి ముఖం మాత్రం ఇన్ని మార్పుల్లోనూ తన చోట తానుంది. పేరు లేనంత మాత్రాన ఆమెకు ఏ లోటూ కనిపించదు. లోకానికే పేరు కావాలి. అందుకే ఒడిలోని జంతువు పేరుతో ఆ పటాన్ని ఇప్పటికీ 'ఒంటికొమ్ము గుర్రంతో యువతి' అనే పిలుస్తున్నారు.