లీటరుకు 28.4: ఏ దృష్టిలో సత్యం?

2017 మే నెలలో మారుతీ సుజుకీ కొత్త డిజైర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. డీజిల్ మోడల్ లీటరుకు 28.4 కిలోమీటర్లు ఇస్తుందని సర్టిఫికెట్. ఇంటిల్లిపాదీ ఎక్కి తిరుపతి వెళ్లొచ్చే బండి అంత మైలేజీ ఇస్తుందనేసరికి ఎన్నో మధ్యతరగతి ఇళ్లలో కాగితం, కలం బయటికొచ్చాయి. తీరా కొన్నాక హైదరాబాద్ ట్రాఫిక్‌లో తిప్పినవాళ్లలో చాలామందికి వచ్చింది ఇరవై అటూ ఇటూ. విజయవాడ హైవే మీద ఎనభై దాటకుండా ఓపికగా నడిపినవాళ్లకు అంతకన్నా బాగానే ఎక్కువొచ్చింది. మరి కంపెనీ అబద్ధం చెప్పినట్టా?

అవునని తేల్చేయడం తేలిక. కానీ ఆ అంకె గాల్లోంచి పుట్టలేదు. మన దేశంలో కారు మైలేజీని పుణెలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థలు నిర్ధారిస్తాయి. బండి రోడ్డెక్కదు. దాని చక్రాలు రోలర్ల మీద తిరుగుతాయి. ఎప్పుడు వేగం పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి, ఎంతసేపు ఆపి ఉంచాలి అన్నది సెకన్లతో సహా ముందే రాసి ఉంటుంది. మొత్తం 1180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాల లోపే. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. ఏసీ వేయరు. ఎత్తు ఎక్కడం లేదు, ఎదురుగాలి లేదు, వెనక సీట్లో ముగ్గురూ డిక్కీలో సామానూ లేవు. పొగగొట్టంలోంచి వచ్చిన వాయువుల్లో కార్బన్ ఎంతుందో కొలిచి, దాన్నిబట్టి ఎంత ఇంధనం కాలిందో లెక్కగడతారు. అదే బండిని అదే గదిలో మళ్లీ పరీక్షిస్తే దాదాపు అదే అంకె వస్తుంది. కాబట్టి 28.4 ఆ గదిలో నిజమే. కొన్నవాళ్లు మాత్రం ఆ గదిలో బండి నడపరు.

ఇలాంటి నిజాల గురించి చాలా లోతుగా ఆలోచించినవాళ్లు జైన తాత్వికులు. ఏ వస్తువుకైనా అనేక ముఖాలుంటాయి, ఒక మాట వాటిలో ఒక ముఖాన్నే పట్టుకోగలదు అన్నది వాళ్ల మూలసూత్రం. ఆ ఒక్క ముఖాన్ని చూసే చూపుకు నయం అని పేరు. ఈ ఆలోచనకు తెలుగునేలతో సంబంధం ఉంది. నిశ్చయ నయం, వ్యవహార నయం అనే రెండు దృష్టులను 'సమయసారం'లో విడదీసి చెప్పిన కుందకుందాచార్యునిది అనంతపురం జిల్లా కొనకొండ్ల అని సంప్రదాయం చెబుతుంది. 12వ శతాబ్దంలో గుజరాత్‌కు చెందిన హేమచంద్రాచార్యుడు ఇదే విషయాన్ని మూడు మెట్లుగా చూపాడు. ఒక కోణం నుంచి 'ఉంది' అంటే అది నయం. 'ఇదే ఉంది, ఇంకేమీ లేదు' అని మిగతా కోణాలను కొట్టిపారేస్తే దుర్నయం. 'ఫలానా విధంగా చూస్తే ఉంది' అని షరతుతో కలిపి చెబితే ప్రమాణం.

మైలేజీ అంకెకు ఇది సరిగ్గా అతుకుతుంది. పరీక్షా సంస్థ రిపోర్టులో 28.4 పక్కన పరీక్ష వివరాలన్నీ ఉంటాయి. అక్కడ అది ప్రమాణం. షోరూమ్ బ్రోషర్‌లోకి వచ్చేసరికి షరతులు పేజీ అడుగున చిన్న అక్షరాల్లోకి దిగిపోతాయి, నయంగా మిగులుతుంది. హోర్డింగ్ మీద అంకె ఒక్కటే నిలువెత్తున నిలబడుతుంది. 'గ్యారంటీగా ఇస్తుంది సార్' అని సేల్స్‌మన్ అనే క్షణానికి అది దుర్నయం. ఈ నాలుగు చోట్లా అంకె మారలేదు. మాట మాత్రం సత్యం నుంచి అసత్యం దాకా వెళ్లిపోయింది. తప్పు కొలతలో లేదు, షరతును ఊడదీయడంలో ఉంది. కాబట్టి కొలిచినవాళ్ల కంటే ఆ షరతును ఊడదీసినవాళ్లే ఎక్కువగా జవాబు చెప్పాలి.

అలాగైతే ఎవరి మాట నమ్మాలి? దీనికి న్యాయదర్శనం దగ్గర ఒక కొలబద్ద ఉంది. నమ్మదగిన మాట ఆప్తుడి మాట. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడి లెక్కలో ఆప్తుడికి రెండు గుణాలుండాలి: విషయాన్ని తాను నేరుగా తెలుసుకుని ఉండాలి, తెలుసుకున్నది తెలిసినట్టే చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒకటే అని కూడా ఆయన అన్నాడు. అంత పాత గ్రంథంలో ఇంత సమదృష్టి కనిపించడం గొప్ప సంగతి. పుట్టుకను బట్టీ హోదాను బట్టీ మాటకు విలువ రాదని దాని అర్థం. రోజూ హైదరాబాద్ నుంచి వరంగల్‌కు ట్రిప్పులు కొట్టే టాక్సీ డ్రైవర్, తన బండి గురించి ఏ ఇంజినీరుకూ తీసిపోని ఆప్తుడు కాగలడు.

కాగలడు అనే అనాలి, ఎందుకంటే వాడేవాళ్ల మాటకూ లోపాలున్నాయి. పది లక్షలు పోసి కొన్న బండి మైలేజీ తక్కువని బంధువుల ముందు ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. డాష్‌బోర్డు మీది అంకె చాలా బండ్లలో కొంచెం ఎక్కువే చూపిస్తుంది. దాన్నే పట్టుకుని చెప్పేవాళ్లు ఎక్కువ. ప్రత్యక్షంగా తెలుసుకోవాలంటే తెలిసిన దారి ఒకటుంది. ఆటో కట్ అయ్యేదాకా ట్యాంకు నింపి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, ట్యాంకు చాలావరకు ఖాళీ అయ్యేదాకా తిరిగి, మళ్లీ అదే బంకులో ఆటో కట్ దాకా నింపి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించాలి. డీజిల్ నురగ కడుతుంది కాబట్టి నాజిల్ ఒకసారి ముందుగా, ఒకసారి ఆలస్యంగా ఆగుతుంది. పది లీటర్ల మీద లెక్క వేస్తే ఒక్క లీటరు తేడాకే పదిశాతం తప్పొస్తుంది. నలభై లీటర్ల మీద ఆ తప్పు బాగా తగ్గిపోతుంది. ఒక్క ట్యాంకుతో తేల్చేయకుండా కొన్ని ట్యాంకుల సగటు చూడాలి. ప్రత్యక్షానికీ క్రమశిక్షణ కావాలి. పరుగెత్తే బండిలో అప్పటికప్పుడు కనిపించే అంకె ప్రత్యక్షం కాదు.

బండిని వాడే తీరును బట్టి కూడా లెక్క మారుతుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక మారుతీ డీజిల్ కార్లు తయారు చేయడం మానేసింది. ఇప్పుడు వస్తున్న డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు ఆ మసిని కాల్చేయడానికి ఇంజిన్ అదనంగా ఇంధనం వాడుతుంది. పిల్లల్ని బడి దగ్గర దింపి, కూరగాయలు తెచ్చుకునే చిన్న దూరాలకు వాడితే ఈ పని మాటిమాటికీ పడుతుంది, ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోతుంది కూడా. లాంగ్ డ్రైవ్‌లు చేసే ఇంట్లో లాభంగా ఉన్న అదే బండి పక్కింట్లో నష్టంగా ఉంటుంది. ఇద్దరి లెక్కలూ నిజమే.

ఐరోపాలో ఈ వ్యవహారం ఇంకా బాహాటంగా నడిచింది. అక్కడి పాత పరీక్షా విధానం మన పరీక్షకు మాతృక. దానిలోనూ 1180 సెకన్లే. పరిశోధనా సంస్థ ఐసీసీటీ ఏటా పరీక్ష అంకెలనూ రోడ్డు మీది ఖర్చునూ పోల్చి చూసింది. 2001లో సుమారు 9 శాతం ఉన్న తేడా 2015 నాటికి 40 శాతం దాటింది. అన్నేళ్లలో ఇంజిన్లు మెరుగుపడ్డ మాట నిజమే కానీ, పరీక్ష రాసే నేర్పు అంతకన్నా వేగంగా పెరిగింది. పరీక్షకు ముందు టైర్లలో గాలి ఎక్కువ కొట్టడం, తలుపుల సందులకు టేపు అంటించడం వంటివి ట్రాన్స్‌పోర్ట్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే పర్యావరణ సంస్థ 2013లో బయటపెట్టింది. 2017 నుంచి మరింత కఠినమైన కొత్త పరీక్ష వచ్చింది. 2021 నుంచి ప్రతి కొత్త కారూ తాను నిజంగా తాగిన ఇంధనాన్ని తనలోనే నమోదు చేసుకోవాలన్న నిబంధన పెట్టారు. 2024లో యూరోపియన్ కమిషన్ ఆ లెక్కలు ప్రచురించింది. కొత్త పరీక్ష అంకెతో పోల్చినా రోడ్డు మీద డీజిల్ కార్లు సుమారు 18 శాతం, పెట్రోల్ కార్లు దాదాపు 24 శాతం ఎక్కువ తాగుతున్నాయి. తేడా దాదాపు సగానికి తగ్గింది. పరీక్ష కఠినమైంది కాబట్టి తేడా తగ్గింది, కొలత రోడ్డు మీదికి వచ్చింది కాబట్టి మిగిలిన తేడా ఎంతో తెలిసింది.

ఇక్కడిదాకా మాట్లాడింది దుర్నయం గురించి. ఫోక్స్‌వ్యాగన్ కథ వేరే. అమెరికాలో డీజిల్ కార్లు శుభ్రంగా ఉన్నాయని ఐరోపాకు చూపించవచ్చన్న ఆశతో ఐసీసీటీ, వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ చేత రోడ్డు పరీక్షలు చేయించింది. డిక్కీలో కొలత యంత్రాలు పెట్టుకుని పరిశోధకులు కాలిఫోర్నియా రోడ్ల మీద తిరిగారు. 2014లో వచ్చిన ఫలితం ఎవరూ ఊహించనిది: ఫోక్స్‌వ్యాగన్ జెట్టా కారు నైట్రోజన్ ఆక్సైడ్లను పరిమితికి 15 నుంచి 35 రెట్లు వదులుతోంది. పరీక్ష గదిలో ఉన్నామని కారులోని సాఫ్ట్‌వేరే గుర్తుపట్టి, అక్కడ మాత్రం బుద్ధిగా ఉంటోందని 2015 సెప్టెంబర్ 18న అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. ప్రపంచమంతటా కోటీ పది లక్షల కార్లలో ఈ ఏర్పాటు ఉందని కంపెనీయే ఒప్పుకుంది. మన దేశంలో దాదాపు 3.23 లక్షల కార్లను వెనక్కి పిలిచింది.

ఈ మోసానికీ మైలేజీకీ ఉన్న సంబంధం గురించి తగినంత చర్చ జరగలేదు. డీజిల్ ఇంజిన్ మైలేజీ బాగా ఇచ్చేది, గాలిని గట్టిగా నొక్కి ఎక్కువ వేడి దగ్గర ఇంధనాన్ని కాలుస్తుంది కాబట్టి. ఆ వేడిలోనే గాలిలోని నైట్రోజన్ ఆక్సిజన్‌తో కలిసిపోతుంది. దాన్ని శుభ్రం చేయాలంటే కొన్ని కార్లలో అప్పుడప్పుడూ ఇంధనం ఎక్కువ పోయాలి, మరికొన్నింట్లో యూరియా ద్రావణం ధారాళంగా వాడాలి. రెండూ ఖర్చే. శుభ్రం చేసే పని తగ్గించుకుంటే మైలేజీ, సౌకర్యం మిగులుతాయి. ఆ వాయువులు రోడ్డు పక్క ఇళ్లలోని ఉబ్బసం రోగుల ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కొన్నవాడికి ఆదా అయిన ఆ చుక్క ఇంధనం ఎక్కడి నుంచో వచ్చింది. జైన గ్రంథం 'తత్త్వార్థసూత్రం' దొంగతనాన్ని ఇవ్వనిదాన్ని తీసుకోవడం అని నిర్వచిస్తుంది. బస్టాపులో నిలబడ్డ మనిషి తన గాలిని ఎవరికీ ఇవ్వలేదు. కారు కొన్నవాళ్లకు ఈ సంగతి తెలియదు కాబట్టి వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. అయినా ఆ మైలేజీలో కొంత దొంగసొత్తు అన్నది మిగిలే ఉంటుంది.

అందరి బండ్లూ అంతే అనడానికి వీల్లేదు. అదే పరిశోధనలో పరీక్షించిన బీఎండబ్ల్యూ డీజిల్ కారు రోడ్డు మీద కూడా చాలావరకు పరిమితిలోనే ఉంది. నిజాయితీగా చేయడం సాధ్యమేనని అది చూపించింది.

లీటరు అనే కొలత కూడా ఒక దృష్టే. డీజిల్ పెట్రోల్ కన్నా బరువు. ఒక లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్, లీటరు పెట్రోల్‌కు సుమారు 2.31 కిలోలు. లీటరుకు 20 ఇచ్చే డీజిల్ కారు కిలోమీటరుకు 134 గ్రాములు వదిలితే, 18 ఇచ్చే పెట్రోల్ కారు 128 గ్రాములతో సరిపెడుతుంది. జేబు దృష్టిలో గెలిచిన బండి ఆకాశం దృష్టిలో ఓడిపోయింది. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేశాక జేబు లెక్క కూడా మారుతూ వచ్చింది.

అమెరికాలో కొత్త కారు అద్దం మీద అంటించే కాగితంలో నగరం మైలేజీ, హైవే మైలేజీ వేర్వేరుగా ఉంటాయి. 2008 మోడళ్ల నుంచి వాటి వెనక 35 డిగ్రీల వేడిలో ఏసీ వేసి చేసే పరీక్ష, గడ్డకట్టే చలిలో చేసే పరీక్ష కూడా లెక్కలోకి వస్తున్నాయి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేకుండా కారు నడిపే కుటుంబం ఉండదు. అయినా మన షోరూముల్లో ఎక్కువగా వినిపించేది ఒక్క అంకే. ఏసీతో, నలుగురు మనుషులతో, నగర వేగంతో ఎంత వస్తుందో ఆ అంకె పక్కనే అదే సైజు అక్షరాల్లో అచ్చు వేయడానికి కంపెనీలకు కావలసింది ఇంకో పరీక్ష, ఇంకో వరస సిరా. బుకింగ్ డబ్బు కట్టేముందు ఆ రెండో అంకె ఎంతని అడిగే హక్కు కొనేవాళ్లకు ఇప్పటికే ఉంది.