మేఘముండగా హోబాబు ఎందుకు?

ధ్యాన భాగము: సంఖ్యాకాండము 10:11–36



మనది నీళ్ల దేశము. భీమవరము చుట్టు ఏ దిక్కునకు నడచినను ఒక కాలువయో, ఒక చేపల చెరువో అడ్డు వచ్చును. అట్టి మనకు బైబిలులో "అరణ్యము" అను మాట వినగానే చెట్లును పొదలును గల అడవి కన్నులకు కట్టును. ఇశ్రాయేలీయులు నడచిన అరణ్యము అది కాదు. అది ఎడారి. రాయి, ఇసుక, వట్టి కొండ. పగలు నెత్తి మాడును, రాత్రి చలికి వణకు పుట్టును. నీళ్లు ఎక్కడనున్నవో తెలిసినవాడు బ్రదుకును, తెలియనివాడు చచ్చును. ఈ తేడా మనస్సులో నుంచుకొని చదివిననే గాని నేటి వాక్యభాగము మనకు బోధపడదు.

ఐగుప్తు విడిచిన 2వ సంవత్సరము 2వ నెల 20వ దినమున మేఘము మందిరము మీదనుండి పైకెత్తబడెను. జనులు ప్రయాణమునకు లేచిరి. ఆ గడియలో మోషే, మిద్యానీయుడైన రెవూయేలు కుమారుడగు హోబాబును తమతో కూడ రమ్మని అడిగెను. హోబాబు ఒప్పుకొనలేదు, నా దేశమునకు, నా బంధువులయొద్దకు పోవుదునని చెప్పెను. మోషే అతని విడువలేదు. ఈ ఎడారిలో ఎక్కడ దిగవలెనో నీకు తెలియును గనుక మాకు కన్నులుగా నుండుమని మరల బతిమాలెను.

మేఘము ముందు నడచుచుండగా మనుష్యుని కన్నులెందుకు? కొందరు బోధకులు ఇది మోషే అవిశ్వాసమని చెప్పుదురు. మందసము మూడు దినముల ప్రయాణమంత ముందు సాగి విశ్రాంతి స్థలము వెదకెనని 33వ వచనములో నున్నది గనుక దేవుడే మోషేను సరిదిద్దెనని వారి భావము. నేను దానిని ఒప్పుకొనలేను. మోషే తప్పిపోయినప్పుడు లేఖనము దాచదు. మెరీబాయొద్ద బండను కొట్టిన సంగతి వ్రాయబడెను, దాని శిక్షయు వ్రాయబడెను. హోబాబును పిలిచిన విషయములో ఒక్క గద్దింపు మాటయైనను లేదు.

ఇంతకు మునుపు ఆ జనులు ఏమి చేసిరో చూడుడి. సీనాయి కొండయొద్ద వారు రమారమి ఒక సంవత్సరము దిగియుండిరి. ఆ కాలమందు ఊరక కూర్చుండలేదు. ఇరువది ఏండ్లు మొదలుకొని పైబడిన పురుషులను లెక్కించిరి. లేవీయులు గాక 6,03,550 మంది తేలిరి. ఏ గోత్రము ఏ దిక్కున దిగవలెనో నిర్ణయమాయెను: తూర్పున యూదా, దక్షిణమున రూబేను, పడమట ఎఫ్రాయిము, ఉత్తరమున దాను, ప్రతి దానితో మరి రెండేసి గోత్రములు, నడుమ మందిరము. రెండు వెండి బూరలు చేయించిరి. రెండును ఊదిన సమాజమంతయు కూడవలెను. ఒకటి ఊదిన పెద్దలు మాత్రము రావలెను. ఆర్భాటముగా ఊదిన తూర్పు పాళెము ముందు కదలవలెను.

బండ్ల సంగతి మన రైతులకు మరి బాగుగా తెలియును. సంఖ్యాకాండము 7వ అధ్యాయములో పెద్దలు 6 గూడు బండ్లను 12 ఎద్దులను తెచ్చి ఇచ్చిరి. తెరలును గుడ్డలును మోయు గెర్షోనీయులకు 2 బండ్లు, 4 ఎద్దులు. పలకలు, స్తంభములు, దిమ్మలు మోయు మెరారీయులకు 4 బండ్లు, 8 ఎద్దులు. కహాతీయులకు ఒక్క బండియు లేదు. పరిశుద్ధ వస్తువులను వారు భుజములమీదనే మోయవలెను. ఎవని బరువు ఎంతో చూచి వానికి అంత ఇచ్చిరి. అందరికిని సమానముగా పంచుటయే న్యాయమని గంటల తరబడి వాదించు మన సంఘపు కమిటీలు ఈ అధ్యాయమును ఒక మారు చదువుకొనుట మేలు.

ఇంకొక చిన్న సంగతి. పాళెము వెలుపల మరుగుకు ఒక చోటు ఉండవలెననియు, సామానుతో కూడ నేల త్రవ్వు గసిక ఒకటి ఉండవలెననియు ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో ఆజ్ఞ కలదు. దేవుడు మన్నాను కురిపించెను గాని ఆ గుంటను మాత్రము మనుష్యులే త్రవ్వుకొనవలసి వచ్చెను.

ఇంత ఏర్పాటు చేయించినవాడు దేవుడే. అట్టి దేవుడు దారి తెలిసిన మనుష్యుని అడిగినందుకు కోపించునా? ఎప్పుడు లేవవలెనో, ఏ చోట ఆగవలెనో మేఘము చూపెను. ఆగిన చోట ఏ బండ వెనుక ఊట యున్నదో, గొఱ్ఱెలకు మేత ఎటు దొరకునో, పొయ్యిలోనికి తుమ్మకఱ్ఱ ఎక్కడ దొరకునో, ఇవి ఆ నేలను ఎరిగినవాని నోట వినవలసిన మాటలు.

ఒక్క ఉదాహరణ చెప్పెదను. ఎడారిలో ఎండిన వాగు మెత్తని ఇసుకతో చదునుగా కనబడును. అలసినవానికి అక్కడనే గుడారము వేయ బుద్ధి పుట్టును. ఎక్కడనో దూరపు కొండలమీద వాన కురిసిన, ఇచ్చట ఒక చినుకైనను పడకమునుపే ఆ వాగు నిండి గుడారములను ఊడ్చుకొని పోవును. ఎగువ వాన కురిసిన మన లంకలకు వరద వచ్చుట మనమెరుగుదుము. అయితే మనకు భద్రాచలమునుండి కబురు ముందుగా వచ్చును. ఎడారిలో కబురు తెచ్చువాడెవడు? హోబాబు వంటివాడు ప్రక్కన నుండి, ఇక్కడ వద్దు, ఆ మెట్టమీద దిగుడని చెప్పవలసినదే.

మోషే ఆ ఎడారికి కొత్తవాడు కాడు. 40 ఏండ్లు మిద్యానులో మందలు కాచినవాడు. నాకు తెలియదా అని అతడు అనగలిగియుండెను. అయినను మరియొకనిని అడిగెను. అతడు ఇశ్రాయేలీయుడు కాకపోయినను అడిగెను. రానన్న తరువాత కూడ అడిగెను. నేటికిని 2,285 మీటర్ల ఎత్తుగల మోషే కొండను ఎక్కు యాత్రికుల ముందు ఆ నేలమీద పుట్టిన బెదూయీను మనుష్యుడు నడచుచుండును.

ఎడారి మనకు ఇప్పుడు దూరపు కథ కాదు. మన గోదావరి జిల్లాలనుండి ఎందరో కువైటు మొదలైన దేశములకు పనికి పోయిరి. కువైటులోని కుటుంబములు చలికాలమున, సాధారణముగా నవంబరు నడుమనుండి మార్చి నడుమవరకు, ఎడారిలో గుడారములు వేసికొని దిగుట వాడుక. అచ్చట వంట చేయువారిలోను, తాళ్లు బిగించువారిలోను మనవారును ఉందురు. వివేకముగలవారు ఆ ఇసుకలోనికి ఒక్క బండితో పోరు. ఒకటి దిగబడిన లాగుటకు రెండవది ఉండవలెను. ఇసుక రాగానే టైర్లలోని గాలి కొంత తీయుదురు. అప్పుడు టైరు వెడల్పై ఇసుకమీద సాగును. మనిషికి ఇంతయని నీళ్లు లెక్కించి ఎత్తుకొందురు. ఏ దారిని పోవుచున్నారో, ఎప్పుడు తిరిగి వత్తురో ఇంటనున్నవారికి చెప్పిపోవుదురు. ఆ దేశములో మరియొక భయమును ఉండెను. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటులో చొరబడి, 1991 ఫిబ్రవరిలో వెళ్లగొట్టబడునప్పటికి ఇసుకలో మందుపాతరలను విస్తారముగా పాతిపెట్టి పోయిరి. వాటిని ఏరివేసిన తరువాత కూడ, గాలికి ఇసుక జరిగి మిగిలినవి బయటపడిన సందర్భములు ఏండ్ల తరబడి కలిగినవి. అట్టి నేలమీద గుడారపు మేకు కొట్టువాడు తెలిసినవానిని అడుగక కొట్టవచ్చునా?

మన సంఘములలో ఒక మాట తరచుగా వినబడును: ప్రార్థించితిమి, ఇక దేవుడే చూచుకొనును. యౌవనస్థులను లారీలో ఎక్కించి కూటమునకు తీసికొనిపోవునప్పుడు ఈ మాటయే. నీళ్లు ఎవరు తెచ్చుచున్నారు, ఆడపిల్లలతో ఎవరు పండుకొందురు, రాత్రి జ్వరము వచ్చిన ఏ ఊరికి పోవలెను అని అడిగినవానిని విశ్వాసము చాలనివానివలె చూతుము.

ఇది లారీతో పోవునది కాదు. మన సహోదరిని ఎడారి దేశమునకు పంపునప్పుడు కూడ ఇట్లే చేయుచున్నాము. మూడు రాత్రులు ప్రార్థన కూటములు పెట్టుదుము. మంచిదే, పెట్టవలసినదే. కాని ఆమె చేతిలోని కాగితము ఏమని చెప్పుచున్నదో చదివించుటకు ఒక్క గంట వెచ్చించము. అది పని వీసాయా, చూచి వచ్చుటకిచ్చు విజిటు వీసాయా? పంపుచున్న ఏజెంటు 1983 నాటి వలసల చట్టము ప్రకారము ప్రభుత్వమునొద్ద నమోదైనవాడా? జీతమెంత, యజమాని ఎవరు, పాసుపోర్టు నకలు ఇంటియొద్ద నున్నదా? మన రాయబార కార్యాలయపు నంబరు ఆమెకు నోటికి వచ్చునా? ఈ ప్రశ్నలు అడుగుట మేఘమును నమ్మకపోవుట కాదు. ఆ మేఘము క్రింద నడచినవాడే వీటివంటివి అడిగెను.

గుంపు నడుచునప్పుడు వెనుకవారి సంగతియు చూడవలెను. అమాలేకీయులు వచ్చి ఎవరిని కొట్టిరి? ముందు నడచు బలవంతులను కాదు. అలసి సొలసి వెనుకబడిన బలహీనులను కొట్టిరని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో నున్నది. తరువాతి ప్రయాణములో దాను పాళెము అన్ని పాళెములకు వెనుక నడచునట్లు నియమింపబడెను. దారిలో కూలబడిన ముసలమ్మను చూచువారు, తప్పిపోయిన గొఱ్ఱెపిల్లను ఎత్తుకొనువారు వెనుక నడచువారే గదా. హజేరోతులో మిర్యాము కుష్ఠముతో ఏడు దినములు పాళెము వెలుపల ఉంచబడినప్పుడు, ఆమె మరల చేర్చబడువరకు జనులు ముందుకు సాగలేదు. తప్పు ఆమెది. ఆగినది జనమంతయు. పోయిన సంవత్సరము కూటమునకు వచ్చి ఈ సంవత్సరము రానివారి పేర్లు మన పెద్దలలో ఎవరు వ్రాసికొనుచున్నారు?

ఇక హోబాబు యొద్దకు తిరిగి వత్తము. మోషే అతని కన్నులను మాత్రమే అడుగలేదు. యెహోవా మాకు ఏ మేలు చేయునో దానిలో నీకును పాలు ఇత్తుమని మాట ఇచ్చెను. ఈ భాగములో నా మనస్సును ఎక్కువ గుచ్చునది ఇదే. కువైటులోను మస్కటులోను పది పదునైదేండ్లు కష్టపడి తిరిగి వచ్చిన స్త్రీలు మన సంఘములలో బల్లలమీద కూర్చుండియున్నారు. గుడి పైకప్పునకు, గంటకు, మైకు సెట్టునకు వారిని చందా అడుగుదుము. వారు ఏ ఇండ్లలో ఏమి చూచిరో, ఎవరు మోసము చేసిరో, ఎవరు ఆదుకొనిరో అడుగము. మరియొక బిడ్డ ప్రయాణమగునప్పుడు ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టి, అమ్మా, నీవు నడచిన నేల గదా, ఈ పిల్లకు చెప్పుము అని అనము. పైగా ఆమె వెనుక గుసగుసలాడుదుము. కొందరు రెండవ ఆదివారమునకే గుడి మానివేసి, హోబాబువలె నా వారియొద్దకు నేను పోవుదునని ఇంటియొద్ద ఉండిపోవుచున్నారు. వారిని రెండవ మారు బతిమాలినవారెవరు?

హోబాబు ఆ రెండవ మారు ఏమని ఉత్తరమిచ్చెనో సంఖ్యాకాండములో లేదు. అయితే న్యాయాధిపతులు 1:16 చదువుడి. మోషే మామ సంతతివారైన కేనీయులు యూదావారితో కూడ వెళ్లి ఆ జనముతో నివసించిరి. సీసెరా చేతినుండి ఇశ్రాయేలు విడుదల పొందిన దినమున గుడారపు మేకు పట్టుకొన్న యాయేలు ఆ వంశపు ఇంటి కోడలే. మరి ఎన్నో తరములు గడచిన తరువాత సౌలు రాజు అమాలేకీయులమీదికి దండెత్తి లోయలో పొంచియుండెను. కేనీయులు అప్పుడు వారి మధ్య కాపురముండిరి. యుద్ధము మొదలుపెట్టకమునుపే సౌలు వారికి కబురు పంపెను: ఐగుప్తునుండి మా వారు వచ్చునప్పుడు మీరు వారికి ఉపకారము చేసితిరి గనుక తొలగిపొండని. కేనీయులు లేచి వెళ్లిపోయిరి. అటు తరువాతనే సౌలు కత్తి దూసెను.