దారిలో టైరు పోతే దేవుడు రావద్దన్నట్టా?

మన ఛానల్ చూసే ఒక తమ్ముడు ఈ మధ్య నన్ను అడిగాడు: "అన్నా, వ్యాన్ వేసుకుని ఒక్కడినే గుడికి బయల్దేరా. దారిలో టైరు పంక్చర్. అమ్మేమో ‘స్వామి రావద్దంటున్నాడేమో, వెనక్కి వచ్చెయ్’ అంది. నిజంగా అంతేనా?" వీడియోలో రెండు ముక్కల్లో చెప్పాను. ఇక్కడ తీరిగ్గా మాట్లాడుకుందాం.

అమ్మ అలా అనడంలో తప్పేం లేదు. పిల్లాడు ఒక్కడే రోడ్డు మీద ఉన్నాడంటే ఏ తల్లికైనా గుండె దడే. ముందు ఫోన్ చేసి ఎక్కడున్నావో చెప్పు, లొకేషన్ పంపు. ఇక ‘స్వామి రావద్దన్నాడు’ అనే మాట నిలుస్తుందో లేదో మన భారతంలోనే చూద్దాం.

కురుక్షేత్రంలో పద్నాలుగో రోజు. సూర్యాస్తమయంలోగా సైంధవుణ్ణి చంపుతానని అర్జునుడి ప్రతిజ్ఞ. చంపలేకపోతే అగ్నిలో దూకాలి. సైంధవుడు ఇంకా దూరంగానే ఉన్నాడు, పొద్దు వాలుతోంది. సరిగ్గా అప్పుడు రథం గుర్రాలు అలిసిపోయాయి, ఒంటినిండా బాణాలు. పగ్గాలు పట్టుకున్నవాడు సాక్షాత్తూ శ్రీకృష్ణుడు. అయినా బండి ఆగింది! ‘దేవుడు తోడుంటే దారిలో ఏ ఇబ్బందీ రాదు’ అనుకునేవాళ్లు ఈ ఘట్టాన్ని ఒక్కసారి గుర్తు చేసుకోవాలి.

కృష్ణుడు దాన్ని అపశకునం అనలేదు, టైమ్ లేదు పద అని గుర్రాలను అదిలించనూ లేదు. యుద్ధం మధ్యలోనే కాడి విప్పాడు. అర్జునుడు నేల మీద నిలబడి కాపలా కాస్తూ, బాణాలతో నీడా నీళ్లూ ఏర్పాటు చేశాడు. కృష్ణుడు గుర్రాల ఒంట్లోని బాణాలు తీసి, ఒళ్లు రుద్ది, నీళ్లు తాగించి, అలసట తీరాక మళ్లీ కట్టాడు. సైంధవుడు ఆ రోజే పడ్డాడు.

‘మరి కర్ణుడి రథచక్రం శాపం వల్లే కదా కుంగింది?’ అని మీరు అడగొచ్చు. నిజమే. కానీ ఆ శాపం సంగతి మనకి కథ చెప్పిన వ్యాసుడు చెప్పాడు. మన టైర్లో దిగిన మేకు వెనక ఏ కర్మ ఉందో మనకెవరు చెప్పారు? తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పుకోవడం భక్తి అనిపించుకోదు. కర్మ ఉందని నమ్ముతాను. దాని లెక్కల పుస్తకం మాత్రం నా చేతిలో లేదు.

నేనూ వ్యాన్‌లోనే తిరుగుతాను. వెనక ఒక మంచం, చిన్న స్టవ్, నీళ్ల క్యాన్, స్వామి పటం. ఒకసారి శ్రీశైలం వెళ్తుంటే అచ్చంపేట దాటాక, చీకటి పడే వేళ వెనక టైరు పోయింది. మన్ననూరు దగ్గర అడవి చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. గట్టి నేల చూసి పక్కకి ఆపి, హజార్డ్ లైట్లు వేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టా. బండి ఎత్తకముందే నట్లు వదులు చేయాలి. అవి కదిలితేగా! అటుగా వచ్చిన ఒక లారీ డ్రైవరన్న ఆగి, స్పానర్ మీద కాలు వేసి తొక్కాడు. స్టెప్నీ బిగించేసరికి ఎనిమిదిన్నర. డబ్బులిస్తే తీసుకోలేదు, టీ తాగి వెళ్లిపోయాడు.

వేగంగా పోతే గేటు దొరికేది. ‘తెల్లవారుజామున దర్శనం అనుకున్నావుగా, పద’ అని మనసు ఒకటే గోల. ఒంటరి ప్రయాణంలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. పక్కన ‘ఆగు’ అనేవాళ్లు ఉండరు. శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం అని కఠోపనిషత్తు చెప్పింది ఇలాంటి వేళకే అనిపిస్తుంది. ఇంకో స్టెప్నీ లేకుండా రాత్రి అడవిలోకి వెళ్లడం ఎందుకని మన్ననూరులోనే పడుకున్నా. పొద్దున పంక్చర్ వేయించుకుని బయల్దేరా. ఆలస్యమైందని మల్లన్న అలుగుతాడా?

ఈ శకునాల లెక్కలో నన్ను భయపెట్టేది ఇంకొకటుంది. నా పంక్చర్ దేవుడి కోపం అయితే, రోడ్డు పక్కన ఆగిపోయిన ప్రతివాడూ దేవుడి కోపానికి గురైనవాడే అవుతాడు. ‘వాడి కర్మ’ అని మనం దాటిపోతాం. ఆ లారీ అన్న కూడా అలాగే అనుకుని ఉంటే? ఆయన నా పాపపుణ్యాలు అడగలేదు, "స్పానర్ ఉందా తమ్ముడూ?" అని మాత్రమే అడిగాడు.

అందుకే తమ్ముడూ, నిమ్మకాయలు తొక్కించు, కొబ్బరికాయ కొట్టు, స్టెప్నీలో గాలి కూడా చూసుకో. బండి ఆగితే ‘నాకే ఎందుకు’ అనే ప్రశ్న కాసేపు పక్కన పెట్టి, ముందు ఏం చేయాలో చూడు. చీకటైతే అక్కడే ఎక్కడైనా సురక్షితంగా ఆగు. దారిలో ఇంకెవరిదైనా బండి ఆగి కనిపిస్తే, నీకు వీలైనంత సాయం చెయ్యి. అదీ యాత్రలో భాగమే.

హర హర మహాదేవ!