అటకెక్కిన తర్కం

అమెరికాలో పాత ఇల్లు కొన్నవాళ్లలో కొందరికి ఒక వింత వంశాభిమానం ఉంటుంది: మాది సియర్స్ ఇల్లు అని. చికాగోలోని సియర్స్ రోబక్ కంపెనీ 1908 నుంచి 1940 దాకా కేటలాగులో ఇళ్లు అమ్మింది. బొమ్మ చూసి ఆర్డరు పెడితే దూలాలు, తలుపులు, మేకులు, రంగులతో సహా సరంజామా అంతా గూడ్సు బండిలో దిగేది. 70,000 పైచిలుకు ఇళ్లు అమ్మారని అంచనా. అమ్మకాల చిట్టాలను తర్వాత కంపెనీయే పారేసింది. ఇక ఎవరి ఇంటి గోత్రం వాళ్లే తేల్చుకోవాలి.

ఇలినాయ్‌లో మా అమ్మాయి వాళ్లు కొన్న 1926 నాటి ఇల్లు కూడా సియర్స్‌దేనట. ఎవరన్నారు? అమ్మినావిడ. ఆవిడకెవరు చెప్పారు? అంతకుముందున్నవాళ్లు. న్యాయశాస్త్రంలో తర్కసంగ్రహం పాఠం చెప్పి రిటైరైనదాన్ని, ఊరుకుంటానా! మొదట అన్నదెవరో తెలియకుండా నోటా నోటా వచ్చిన మాట ఐతిహ్యం. నైయాయికులు దాన్ని విడి ప్రమాణంగా ఒప్పుకోరు. ఆప్తుడు, అంటే ఉన్నదున్నట్టు చెప్పేవాడు, చెబితే అది శబ్దప్రమాణం. ఇల్లు అమ్ముకునే మనిషి ఆ ఇంటి సంగతిలో ఆప్తుడెలా అవుతాడు?

మా అల్లుడు కేటలాగులో వలోనియా అనే మోడల్ చూపించాడు. "అత్తయ్యా, అచ్చు మనిల్లే!" వాలు కప్పు, ముందు వరండా, చూరు కింద కర్ర బ్రాకెట్లు. ఆవులా ఉండేది గవయం అని విన్నవాడు అడవిలో దాన్ని చూసి గుర్తుపడతాడు, ఉపమానానికి మా పుస్తకాల్లో ఉదాహరణ అది. ఆ అడవిలో అలాంటి జంతువులు ఇంకో నాలుగుంటే? అలాడిన్, గోర్డన్ వాన్ టైన్, మాంట్‌గోమరీ వార్డ్ కంపెనీలు కూడా ఇలాంటి ఇళ్లే పంపేవి. బొమ్మ చూసి ఊరి మేస్త్రీలు కట్టేసినవి సరేసరి. పునాది కొలిచాం. కేటలాగు వెడల్పుకి రెండడుగుల తేడా వచ్చింది. "కొన్నవాళ్లు మార్పులు చేయించుకునేవాళ్లటండీ" అన్నాడు. నిజమే, కంపెనీ అందుకు ఒప్పుకునేది. అంటే కొలత కలిస్తే సియర్స్, కలవకపోయినా సియర్స్! దీన్ని అనుమానప్రమాణం అనరు నాయనా, పంతం అంటారు.

గట్టి గుర్తు ఒకటుంది. ముందే కోసి పంపిన దూలాల మీద, ఏది ఎక్కడ పెట్టాలో తెలియడానికి, ఒక అక్షరం, పక్కన అంకెలు ముద్ర కొట్టేవాళ్లు. టార్చి పట్టుకుని బేస్‌మెంటంతా వెతికాం. లేవు. లేవు కాబట్టి సియర్స్‌ది కాదనేద్దామా? తొందరొద్దు. నేల మీద కుండ కనబడకపోతే కుండ లేదంటాం, ఉంటే కనబడేది కనక. కటిక చీకట్లో ఆ మాట చెల్లదు. ఉంటే కనబడాల్సిన చోట కనబడకపోవడాన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు. బేస్‌మెంటు కప్పు సగం షీట్ల వెనక ఉంది, అటక వాసాలన్నీ ఫోము కింద. కనిపించిన దూలాల మీద ముద్ర లేదు, అంతవరకే నేను పూచీ. సియర్స్ అప్పులు కూడా ఇచ్చేది, తనఖా పత్రంలో దాని ట్రస్టీ పేరుంటే సరిపోయేది. కౌంటీ రికార్డుల్లో తనఖాయే లేదు. రొక్కం పెట్టి కొన్నవాళ్లకి ఎందుకుంటుంది?

"మరి మన శివాలయం అగస్త్యుడు ప్రతిష్ఠించాడంటే నమ్ముతారుగా?" అల్లుడు గడుసువాడే. కంటికీ ఊహకీ అందని శివుడి విషయంలో శ్రుతిదే అధికారం, అక్కడ నేను టార్చి తియ్యను. ఫలానా లింగాన్ని ఫలానావాడు నిలిపాడన్నది మాత్రం లోకవ్యవహారం. దానికి రాతిశాసనమైనా చూపించాలి, సంశయమైనా ఒప్పుకోవాలి. సంశయం తక్కువదేం కాదు, న్యాయసూత్రాల్లో గౌతముడు చెప్పిన పదహారు పదార్థాల్లో అదీ ఒకటి. అగస్త్యుడు కాదని తేలినా నా సోమవారం అభిషేకం ఆగదు.

గోడ అంచున కొట్టే చెక్క పట్టీల వెనక షిప్పింగు లేబుళ్లు దొరుకుతుంటాయట. హాల్లో ఒక్క పట్టీ ఊడదీసి చూద్దామంటే మా అమ్మాయి ఒప్పుకోవడం లేదు. మొన్ననే రంగు వేయించిందట.