బండి ఎక్కడ ఆపుతావో ముందే అనుకో

నాన్నా, ఆదివారం స్నేహితులతో తాజంగి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. వెళ్లు. చలికాలంలో ఆ మంచు చూడకపోతే నర్సీపట్నంలో పుట్టి ఏం లాభం? బండి ఎలా నడపాలో నీకు చెప్పక్కర్లేదు. ఆర్టీసీలో లంబసింగి ఘాట్ మీద బస్సు నడిపినవాణ్ని, నీ పక్క సీట్లో కూర్చుని నిద్రపోయానంటే నీ చేతి మీద నమ్మకం ఉన్నట్టే కదా. నా బెంగంతా బండి ఆపేటప్పటి గురించి.

సీజనులో తాజంగి రిజర్వాయరు దగ్గర సంగతి నువ్వూ చూశావు. అందరికీ పడవలెక్కే చోటే దిగాలి, నాలుగడుగులు నడవకూడదు. ఒకడు నీళ్ల వైపు ఆపుతాడు, ఇంకొకడు సరిగ్గా వాడికి ఎదురుగా అవతలి పక్కన ఆపుతాడు. మధ్యలో ఆటో పట్టేంత సందు మిగులుతుంది. అప్పుడే బస్సు వస్తుంది. బస్సు డ్రైవరు హారన్ కొడతాడు, బండి తాలూకు మనిషేమో నీళ్ల మధ్యలో లైఫ్ జాకెట్ వేసుకుని సెల్ఫీ తీసుకుంటూ ఉంటాడు. పడవ ఒడ్డుకొచ్చేదాకా అందరూ ఆగాల్సిందే.

ఎదురెదురుగా ఆపకూడదన్నది నా చాదస్తం కాదు, రూలే. మలుపు దగ్గర, ఎత్తు ఎక్కి దిగే చోట, బస్సు ఆగే చోట, ఆగి ఉన్న మరో బండికి ఎదురుగా గానీ దాని పక్కన జంటగా గానీ ఆపొద్దని రోడ్డు నిబంధనల్లో ఎప్పటినుంచో ఉంది. పక్కవాళ్లకి ప్రమాదమో అడ్డమో అయ్యేలా బండి వదిలిపోతే 1988 మోటారు వాహనాల చట్టంలో 122వ సెక్షన్ కింద తప్పు. 'నో పార్కింగ్ బోర్డు లేదు కదా' అంటారు మీ కుర్రాళ్లు. బోర్డు లేనంత మాత్రాన మలుపు తిన్నగా అయిపోతుందా?

తిరుమలకి ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. మనకి ఆ భాగ్యం లేదు. డౌనూరు దాటాక ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకటే దారి. అందుకే ఇరుకు చోట దిగే బండే ఆగి ఎక్కే బండికి దారివ్వాలి. లోడుతో ఎక్కుతున్న లారీ మధ్యలో ఆగితే మళ్లీ కదలడానికి ఎంత అవస్థపడుతుందో స్టీరింగ్ పట్టినవాడికే తెలుసు. ఆ లారీకి అడ్డంగా మార్జిన్‌లో నీ కారు ఉందనుకో, దాన్ని తప్పించడానికి వాడు కుడివైపుకి రావాలి, కుడివైపున ఎవరొస్తున్నారో మంచులో వాడికి కనపడదు.

మంచులో హెడ్‌లైట్ డిమ్‌లోనే ఉండాలి. బ్రైట్ కొడితే వెలుగు తిరిగి నీ కళ్లలోనే పడుతుంది. ఆపాల్సి వస్తే రోడ్డు పూర్తిగా దిగి ఆపు, నాలుగు ఇండికేటర్లూ వేసి ఉంచు. తెల్లవారుజామున తారు రోడ్డు మీద పశువులు పడుకుని ఉంటాయి, అది కూడా గుర్తుపెట్టుకో. వాటికి లైట్లు ఉండవు మరి.

ఏటవాలులో ఆపితే హ్యాండ్ బ్రేక్ ఒక్కదాన్నీ నమ్మొద్దు. ఎక్కుడు వైపు ముఖం ఉంటే ఫస్ట్ గేరు, దిగుడు వైపు ఉంటే రివర్స్ గేరు వేసి, చక్రం కింద రాయి పెట్టు. బయల్దేరేటప్పుడు ఆ రాయిని తీసి అవతల పడేయి. ఈ మాట మాత్రం ఒత్తి చెప్తున్నా. పని అయిపోగానే రాయిని రోడ్డు మధ్యే వదిలేసి పోతారు. చీకట్లో వెనకాల వచ్చే బైకువాడు దాని మీదికి ఎక్కితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. అంత బరువు రాయి తెచ్చి పెట్టుకున్నవాడికి తీయడానికి నడుము వంగదా?

వలిసె పూలు పచ్చగా పూసి ఉంటాయి, ఫొటో దిగాలనిపిస్తుంది. పోనీ, దిగండి. పొలంలోకి దిగి తొక్కకండి, రోడ్డు మీద వెనక్కి వెనక్కి నడుస్తూ ఫ్రేము చూసుకోకండి. కుడివైపు కూర్చున్నవాళ్లు అద్దంలో చూసుకోకుండా తలుపు తెరవొద్దని ముందే చెప్పు. అల్లం, పసుపు బుట్ట నెత్తిన పెట్టుకుని రోడ్డంచున నడిచే ఆడవాళ్లు ఉంటారు. నీ కారు అంచునంతా ఆక్రమిస్తే ఆ బుట్టతో ఆమె నడి రోడ్డు మీదికే రావాలి.

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక మనం అనకాపల్లి జిల్లాలోకి, లంబసింగి, తాజంగి అల్లూరి జిల్లాలోకి పోయాయి. కాగితం మీద విడిపోయాం గానీ, చింతపల్లి వైపు పురిటి నొప్పులొచ్చినా, పాము కరిచినా, కేసు పెద్దదైతే 108 దిగేది మన నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికే. పొడుగాటి కొండదారి. లంబసింగి సెంటరులో టీ కోసం, బొంగులో చికెన్ కోసం రెండు వరసల్లో బండ్లు ఆపితే ఆ 108 ఎక్కడ నుంచి దూరుతుంది? అంబులెన్సుకి దారివ్వకపోతే ఆరు నెలల దాకా జైలో, పదివేల జరిమానానో, రెండూనో అని 2019లో చట్టానికి కొత్త సెక్షన్ చేర్చారు. సైరన్ వినపడ్డాక పక్కకి తప్పుకోవాలని అందరికీ తెలుసు. తాళాలు జేబులో వేసుకుని చెరువులవేనం కొండెక్కినవాడికి ఆ సైరన్ ఎలా వినపడుతుంది?

కాబట్టి ముందుగా వెళ్లండి, ఖాళీ జాగా దొరికిన చోట, దూరమైనా సరే, ఆపి నడవండి. చలికి నడిస్తే మంచిదే. పోలీసులు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపు, 'మా మావయ్య ఫలానా' అని మొదలుపెట్టకు. పిల్లలెవరైనా మీతో వస్తే దిగగానే చెయ్యి పట్టుకోండి. నీళ్లు కనపడితే వాళ్లు రోడ్డు చూడరు.

వచ్చేటప్పుడు నానమ్మకి చింతపల్లి రాజ్మా ఒక కేజీ తీసుకురా. స్ట్రాబెర్రీలు వద్దు, పులుపని పోయినసారే మూతి ముడిచింది. దుకాణం ముందు 'ఒక్క నిమిషం' అని రోడ్డు మీదే ఆపకు. బేరం ఆడితే ఆ నిమిషం పావుగంట అవుతుంది, నీ బేరం సంగతి నాకు తెలుసు.