చింతతొఱ్ఱలోని తేనెపట్టు

నల్లమల అంచుననున్న మన గిద్దలూరు, మార్కాపురము పల్లెలలో పాత చింతచెట్టు తొఱ్ఱ చాలకాలము ఖాళీగా నుండదు. చిలుకయో, గుడ్లగూబయో, తేనెటీగలో వచ్చి చేరును. కొన్ని యేండ్ల క్రిందట మా మందిరము వెనుకనున్న చింతతొఱ్ఱలో తేనెటీగలు చేరినవి. ఆ చెట్టు క్రిందుగానే పిల్లలు బడికి పోవుదురు. ఒక బిడ్డను రెండీగలు కుట్టగా ముఖమంతయు వాచినది. ఆ సాయంకాలమే పెద్దలు కూడి, తగులబెట్టుద మనిరి. వద్దనుటకు మాకు నోరు రాలేదు. సత్యము చెప్పవలెననిన, కాగడాకు కిరసనాయిలు తెచ్చినవారిలో మేమును ఉంటిమి.

తెల్లవారి చూడగా తేనె గిద్దెడైనను దక్కలేదు. కాలిన మైనములో తెల్లని పిల్లపురుగులు గదికొకటి చొప్పున నుండెను. రాత్రి బయట చిక్కుకొనిన కొన్ని ఈగలు మసిబారిన గుమ్మము చుట్టు మధ్యాహ్నము వరకు తిరుగుచునే యుండెను.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 6, 7 వచనములలో పక్షిగూటిని గూర్చిన ఆజ్ఞ యొకటి కలదు. పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడువవలెను. గూటిని ముట్టనే వద్దని ఆ ఆజ్ఞ చెప్పలేదు, అంతయు తుడిచిపెట్టవద్దనెను. అయితే బిడ్డ మాటేమి? కొందరికి ఒక్క కాటుకే ఊపిరాడక ప్రాణము మీదికి వచ్చును. ఈగల మీది జాలితో బిడ్డను మరచువాని జాలిని మేము నమ్మము. కాని ప్రియులారా, ఆనాడు మేము బిడ్డ కొరకే కాల్చితిమా? తేనె మీద ఆశయు, రాత్రివేళ మంట చూచు వేడుకయు మాలో నుండెను.

కొత్తగా వచ్చి కొమ్మకు వ్రేలాడు గుంపునకు కాచుకొనుటకు పట్టు లేదు, పిల్లలు లేవు; కడుపునిండ తేనె త్రాగి బయలుదేరినది గనుక సాధారణముగా కుట్టదు, చోటు దొరకగానే లేచిపోవును. తొఱ్ఱలో పట్టు పెట్టిన తరువాత దాని తీరు వేరు. అప్పుడైనను తెలిసినవారు కొంచెము పొగ వేసి, పిల్లలున్న పట్టులను కోసి, చట్రములకు దారముతో కట్టి, రాణియీగను పెట్టెలోనికి చేర్చినయెడల తక్కినవి దాని వెంట వచ్చును. ఇది మేము ఆలస్యముగా తెలిసికొంటిమి.

ఆ చెట్టు సగము ఎండినది. మిగిలిన సగమున ఈ యేడు మరల ఈగలు చేరినవి. పిల్లల త్రోవను మందిరము ముందునకు మరలించి, చెట్టు చుట్టు కంప వేసి, పెట్టె గలవానికి కబురంపితిమి. ప్రొద్దుట గుమ్మడిపాదులలో ఈగలు కనబడుచున్నవి. మగపూవు పుప్పొడి ఆడపూవునకు చేరనిదే కాయ నిలువదు గదా. కాల్చుమనువారు ఇప్పుడును ఉన్నారు. ఆనాటి బిడ్డ తండ్రి వారిలో ఒకడు. ఆయనతో వాదించుటకు మాకు ముఖము చాలదు. రెండుసార్లు ఆయన ఇంటికి వెళ్లి, కూర్చుండి వచ్చితిమి.